అలసట లెక్క: కాఫీ, కెఫీన్, క్రీడాకారుడు

ఉద్యోగ జీవితమంతా ఆటస్థలంలోనే గడిపిన ఒక గురువు స్మృతిలో నెలకొల్పిన ధర్మనిధి ఉపన్యాసం ఇది. ఇలాంటి వేదిక మీద కాఫీ గురించి మాట్లాడటం కొందరికి చిన్న విషయంగా తోచవచ్చు. అయితే నియమాలకు లోబడి క్రీడాకారులు వాడే పదార్థాల్లో కెఫీన్ మీద జరిగినంత పరిశోధన మరి కొద్దింటి మీదే జరిగింది. 2004 నుంచి 2008 వరకు డోపింగ్ పరీక్షలకోసం సేకరించిన 20,686 మూత్ర నమూనాలను స్పెయిన్ పరిశోధకులు పరిశీలిస్తే, ప్రతి నాలుగింటిలో సుమారు మూడింట కెఫీన్ కనిపించింది. ట్రయాథ్లాన్, సైక్లింగ్, రోయింగ్ వంటి ఓర్పు ఆటల్లో దాని మోతాదు మరింత ఎక్కువ. అంటే అగ్రశ్రేణి క్రీడాకారుల్లో ఎక్కువ మంది కాఫీయో, కోలానో, మాత్రో ఏదో ఒకటి పుచ్చుకునే పోటీకి దిగుతున్నారు. వాళ్లు చేస్తున్నది సబబేనా, అందులో నిజంగా ప్రయోజనం ఉందా, వాళ్లను చూసి మన ఊళ్లలోని పిల్లలు కూడా అదే చేయవచ్చా అన్నవి ఇవాళ శిక్షకులు తేల్చుకోవలసిన ప్రశ్నలు. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. కెఫీన్ పనిచేస్తుంది, అందులో సందేహం లేదు. కానీ అది కండకు కొత్త బలమేమీ ఇవ్వదు. అలసటను మెదడు లెక్కగట్టే తీరును కాసేపు మారుస్తుంది. ఈ సంగతి సరిగ్గా అర్థమైతే ఎవరు, ఎంత, ఎప్పుడు తాగవచ్చో, ఎవరికి అసలు ఇవ్వకూడదో తేల్చుకోవడం కష్టం కాదు.

అలసట కండలో పుడుతుందా, మెదడులో పుడుతుందా అన్న చర్చ పాతదే. 19వ శతాబ్దం చివర్లో ఇటలీలోని టూరిన్ నగరంలో ఆంజెలో మోస్సో అనే శరీరధర్మ శాస్త్రవేత్త ఎర్గోగ్రాఫ్ అనే పరికరాన్ని తయారుచేశాడు. చేతిని బల్లకు బిగించి, ఒక్క వేలితో బరువును పదే పదే లాగిస్తూ, ప్రతి లాగుడునూ కాగితం మీద గీతగా నమోదు చేసే పరికరం అది. మోస్సో సహచరుడైన ఒక అధ్యాపకుడు విద్యార్థులకు మౌఖిక పరీక్షలు పెట్టడానికి ముందూ తర్వాతా ఆయన వేలి పనిని కొలిచి చూశారు. ఆ మధ్యలో ఆయన బరువులు ఎత్తలేదు, పరుగెత్తలేదు. కూర్చుని ప్రశ్నలు అడిగాడు, జవాబులు విన్నాడు. అయినా పరీక్షల తర్వాత వేలు చాలా త్వరగా సోలిపోయింది. 1891లో వెలువడిన తన పుస్తకంలో మోస్సో ఇలాంటి ఫలితాలను విస్తారంగా చర్చించాడు. ఆ తర్వాత అదే రకం పరికరంతో ఇంగ్లండులో డబ్ల్యు.హెచ్.ఆర్. రివర్స్ కెఫీన్‌ను పరీక్షించాడు. ఈ రివర్స్ మనకు పూర్తిగా పరాయివాడేమీ కాదు. నీలగిరుల్లోని తోడాల జీవితం మీద 1906లో వచ్చిన ప్రసిద్ధ గ్రంథం ఆయనదే. మరుసటి ఏడాది వెబ్బర్ అనే సహచరుడితో కలిసి ఆయన ప్రచురించిన కెఫీన్ వ్యాసంలో ఫలితం కంటే పద్ధతి గొప్పది. కెఫీన్ ఉన్న ద్రవాన్నీ లేని ద్రవాన్నీ రుచిలో తేడా పట్టుకోలేకుండా తయారుచేసి, ఏ రోజు ఏది తాగుతున్నదీ పరీక్షకు కూర్చున్నవారికి తెలియకుండా జాగ్రత్తపడ్డారు. అంతకుముందు మందుల మీద జరిగిన ప్రయోగాల్లో, మందు తీసుకున్నామన్న ఉత్సాహం కూడా ఫలితంలో కలిసిపోతోందని రివర్స్ అనుమానించాడు. అంత జాగ్రత్త తీసుకున్నాక కూడా కెఫీన్ కండ చేసే పనిని పెంచింది.

ఆటల విషయంలో ఈ సంగతిని అందరి నోళ్లలో నానేలా చేసింది మాత్రం 1978 నాటి ప్రయోగం. అమెరికాలోని బాల్ స్టేట్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ కాస్టిల్, ఆయన సహచరులు తొమ్మిది మంది పోటీ సైక్లిస్టులకు ఒకసారి కెఫీన్ తీసేసిన కాఫీ, మరోసారి 330 మిల్లీగ్రాముల కెఫీన్ ఉన్న కాఫీ ఇచ్చారు. గంట ఆగి, వాళ్ల గరిష్ఠ ప్రాణవాయు వినియోగంలో 80 శాతం తీవ్రతతో, ఇక తొక్కలేమనేదాకా సైకిల్ తొక్కించారు. కెఫీన్ లేని రోజున సగటున 75 నిమిషాలు, ఉన్న రోజున 90 నిమిషాలు తొక్కగలిగారు. కాస్టిల్ దీనికి చెప్పిన కారణం చాలా ఆకర్షణీయమైనది. కెఫీన్ రక్తంలోకి కొవ్వు ఆమ్లాలను వదులుతుంది. కండ ఆ కొవ్వును ఇంధనంగా వాడుకుని, తనలో దాచుకున్న గ్లైకోజెన్‌ను పొదుపు చేసుకుంటుంది. గ్లైకోజెన్ ఆలస్యంగా అయిపోతుంది కాబట్టి మనిషి ఎక్కువసేపు నిలుస్తాడు. మారథాన్ పరుగు వీరులు ఈ మాటను పట్టుకున్నారు. ఇవాళ్టికీ వ్యాయామశాలల్లో కాఫీ కొవ్వును కరిగిస్తుందని చెప్పే శిక్షకులు ఆ వాదం పలికిన భాషలోనే మాట్లాడుతున్నారు. విషాదమేమిటంటే, ప్రయోగం నిలిచింది కానీ ఆ వివరణ నిలవలేదు.

దాన్ని పడగొట్టిన పనిలో కెనడాలోని గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయానికి చెందిన టెర్రీ గ్రాహమ్, లారెన్స్ స్ప్రియెట్‌ల వంతు పెద్దది. 1995లో వాళ్లు శిక్షణ పొందిన పరుగువీరులకు శరీర బరువులో ప్రతి కిలోకు 3, 6, 9 మిల్లీగ్రాముల చొప్పున కెఫీన్ ఇచ్చి చూశారు. 3, 6 మోతాదుల్లో ఓర్పు స్పష్టంగా పెరిగింది. 9 మోతాదులో అడ్రినలిన్ అన్నిటికంటే ఎక్కువగా ఎగసినా ఓర్పు మాత్రం నమ్మదగినంతగా పెరగలేదు. అంతకంటే ముఖ్యమైనది, 3 మిల్లీగ్రాముల దగ్గర అడ్రినలిన్‌లోగాని, రక్తంలోని కొవ్వు ఆమ్లాల్లోగాని చెప్పుకోదగ్గ మార్పు లేకుండానే పరుగు మెరుగుపడింది. కొవ్వు కదలకుండానే మేలు జరిగితే, మేలుకు కారణం కొవ్వు ఎలా అవుతుంది? పైగా గ్లైకోజెన్ అయిపోయే ప్రసక్తే లేని కొద్ది నిమిషాల పోటీల్లో కూడా కెఫీన్ ప్రభావం కనిపిస్తోంది. ఇక్కడ ఒక హెచ్చరిక చేయాలి. సొమ్మసిల్లేదాకా తొక్కించే పరీక్షల్లో పెరుగుదల పెద్దదిగా కనిపిస్తుంది. నిర్ణీత దూరాన్ని ఎంత త్వరగా ముగిస్తారన్నదే అసలు పోటీ. ఆ లెక్కన చూస్తే ఓర్పు పోటీల్లో కెఫీన్ తెచ్చే లాభం సగటున 2 నుంచి 4 శాతం మధ్య ఉంటుంది. చిన్న అంకెలా ఉంది కదా అని తీసిపారేయకూడదు. 30 నిమిషాల్లో 10 కిలోమీటర్లు పరుగెత్తే మనిషికి 2 శాతమంటే 36 సెకన్లు. పతకానికీ, పదో స్థానానికీ మధ్య చాలాసార్లు అంత తేడా కూడా ఉండదు.

మరి కారణం ఏమిటి? శరీర కణాలు శక్తిని ఖర్చు చేసినకొద్దీ అడెనోసిన్ అనే పదార్థం పోగవుతుంది. మెలకువగా ఉన్న ప్రతి గంటా, చేసిన ప్రతి శ్రమా మెదడులో దాన్ని పెంచుతూ పోతాయి. అది నాడీకణాల మీద తన కోసమే ఉన్న గ్రాహకాలకు అంటుకుని వాటి వేగాన్ని తగ్గిస్తుంది, డోపమైన్ పనిని మందగింపజేస్తుంది, ఇక చాలు, ఆగు, పడుకో అని చెబుతుంది. కెఫీన్ అణువు ఆకారంలో అడెనోసిన్‌ను పోలి ఉండటంతో ఆ గ్రాహకాల్లో ఇమిడిపోతుంది, కానీ అడెనోసిన్ చేసే పని చేయదు. బస్సు కిటికీలోంచి సీటు మీద కర్చీఫ్ వేసినట్టన్నమాట: కర్చీఫ్ ప్రయాణం చేయదు, రావలసినవాణ్ణి కూర్చోనివ్వదు, అంతే. అడెనోసిన్ ఎక్కడికీ పోలేదు, పోగవుతూనే ఉంది. దాని మాట మాత్రం మెదడుకు చేరడం లేదు. 2003లో దక్షిణ కరోలినా విశ్వవిద్యాలయ పరిశోధకులు ఎలుకల మీద చేసిన ప్రయోగం ఈ విషయాన్ని దాదాపు తేల్చేసింది. కొద్దిపాటి కెఫీన్‌ను నేరుగా మెదడులోకి ఎక్కిస్తే ఎలుకలు సొలసిపోయేలోగా పరుగెత్తే సమయం సుమారు 60 శాతం పెరిగింది. అంతే మోతాదును పొట్టలోకి ఎక్కిస్తే ఏ మార్పూ లేదు. అడెనోసిన్‌లా పనిచేసే మరో మందును మెదడులోకి ఎక్కిస్తే పరుగు బాగా తగ్గిపోయింది. కండ కణాల మీద కూడా కెఫీన్‌కు కొంత నేరుగా ప్రభావం ఉందనే వాదన లేకపోలేదు. కాని మనిషి సురక్షితంగా తీసుకోగల మోతాదుల్లో పెద్ద వాటా మెదడుదేనన్నది ఇప్పుడు బలమైన అభిప్రాయం.

మనుషుల్లో దీనికి సాక్ష్యం, వాళ్లే చెప్పే కష్టం లెక్క. వ్యాయామం మధ్యలో ఎంత కష్టంగా ఉందో ఒక కొలమానం మీద చెప్పమని అడగడం పరిశోధకులకు అలవాటు. 2005లో డోహర్టీ, స్మిత్ అనే ఇద్దరు అలాంటి ప్రయోగాలనన్నిటినీ కూర్చి లెక్కగడితే, కెఫీన్ తీసుకున్నవాళ్లకు అదే పని సుమారు 5.6 శాతం తేలికగా అనిపించిందని తేలింది. కాని పూర్తిగా సొలసిపోయి ఆగిన క్షణంలో కెఫీన్ తీసుకున్నవాళ్లూ, తీసుకోనివాళ్లూ చెప్పిన కష్టం ఒక్కటే. గమనించండి: హద్దు మారలేదు, హద్దును చేరడం ఆలస్యమైంది. అందుకే ఓర్పు ఆటల్లో కెఫీన్ లాభం స్పష్టంగా, ఒక్క పెట్టున బలమంతా చూపవలసిన ఆటల్లో తక్కువగా, అస్థిరంగా కనిపిస్తుంది. శిక్షణ వల్ల గుండె, ఊపిరితిత్తులు, కండలు సంపాదించుకున్న సామర్థ్యంలో మనం మామూలుగా చివరిదాకా వాడుకోని వాటా కొంత ఉంటుంది. కెఫీన్ తాకేది ఆ వాటానే. సాధన చేయని శరీరంలో తాకడానికి అదీ ఉండదు. మోతాదు విషయంలోనూ ఇదే సంగతి ఎదురవుతుంది. ఆస్ట్రేలియా క్రీడా సంస్థ పరిశోధకులు 2002లో ప్రచురించిన అధ్యయనంలో, రెండు గంటలకు పైగా సాగిన సైకిల్ పరీక్ష చివర్లో మామూలు కోలా తాగినవాళ్లు కూడా సుమారు 3 శాతం మెరుగయ్యారు. ఆ కోలాలో అందిన కెఫీన్ కిలోకు రెండు మిల్లీగ్రాములకు లోపే. అలసట మాట బిగ్గరగా వినిపించే వేళకు కొద్దిపాటి కెఫీన్ కూడా సరిపోతోంది.

ఇప్పుడు అభ్యంతరాలకు వద్దాం. ఇదంతా నమ్మకం మహిమేనన్నది వాటిలో గట్టిది. దానికి మంచి ఆధారమే ఉంది. 2006లో బ్రిటన్‌లో బీడీ అనే పరిశోధకుడు ఆరుగురు సైక్లిస్టులకు మూడుసార్లూ కెఫీన్ లేని ఉత్తుత్తి మాత్రలే ఇచ్చి, ఒకసారి ఇది ఉత్తుత్తిదని, ఒకసారి కొద్ది కెఫీన్ ఉందని, ఒకసారి ఎక్కువ కెఫీన్ ఉందని నమ్మించాడు. ఉత్తుత్తిదని అనుకున్న రోజు వాళ్ల శక్తి 1.4 శాతం తగ్గింది. కొద్దిగా ఉందనుకున్న రోజు 1.3 శాతం, ఎక్కువ ఉందనుకున్న రోజు 3.1 శాతం పెరిగింది. నమ్మకానికి కూడా మోతాదు ఉందన్నమాట. ఈ ఫలితాన్ని నేను తేలిగ్గా తీసుకోను. అయితే అది చెప్పేది ఒకటి, చెప్పనిది మరొకటి. నమ్మకం పనిచేస్తుందని చెబుతోంది. కెఫీన్ పనిచేయదని చెప్పడం లేదు. ఎలుకకు కాఫీ మహిమ మీద నమ్మకం ఉండదు. రివర్స్ నాటి నుంచి ఇవాళ్టిదాకా, ఇచ్చేవాడికీ పుచ్చుకునేవాడికీ తెలియకుండా జరిపిన ఎన్నో ప్రయోగాల్లో తేడా నిలబడుతూనే ఉంది. పైగా కెఫీన్ పనిచేసే చోటు మెదడే అయినప్పుడు, నమ్మకం కూడా అదే దారిలో, అలసట లెక్కను మారుస్తూ పనిచేయడం ఆశ్చర్యమేమీ కాదు. ఆ అభ్యంతరం నా వాదనను పడగొట్టకపోగా బలపరుస్తోందనే నేను అనుకుంటున్నాను. ఒక మంచి శిక్షకుడి మాట చేయగల పనిని ఎనర్జీ డ్రింకు డబ్బా చేయనక్కరలేదని కూడా దీని నుంచి గ్రహించవచ్చు.

రెండో అభ్యంతరం కాఫీ ప్రియులను కలవరపెట్టేది. 1998లో గ్రాహమ్ బృందమే, కెఫీన్‌ను మాత్రగా ఇస్తే పరుగు మెరుగుపడిందనీ, అంతే కెఫీన్‌ను కాఫీగా ఇస్తే మెరుగుపడలేదనీ ప్రకటించింది. కాఫీలోని ఇతర పదార్థాలు కెఫీన్‌కు అడ్డుపడుతున్నాయని చాలాకాలం అనుకున్నారు. అదే నిజమైతే కాస్టిల్ సైక్లిస్టుల సంగతేమిటన్న ప్రశ్న మిగిలిపోయింది. 2013లో బర్మింగ్‌హామ్ పరిశోధకులు ఇన్‌స్టంట్ కాఫీతో చేసిన ప్రయోగం ఆ చిక్కును చాలావరకు విప్పింది. శరీర బరువు కిలోకు 5 మిల్లీగ్రాముల కెఫీన్ అందేలా చూస్తే, కాఫీ తాగినవాళ్లు 38.27 నిమిషాల్లో, కెఫీన్ తీసుకున్నవాళ్లు 38.35 నిమిషాల్లో సైకిల్ పరీక్షను ముగించారు. కెఫీన్ లేని కాఫీ, ఉత్తుత్తి పానీయం తాగిన రోజుల్లో 40 నిమిషాలు దాటింది. కాఫీ కూడా పనికొస్తుంది. చిక్కల్లా కప్పులో ఎంత కెఫీన్ ఉందో ఎవరికీ తెలియకపోవడం. ఆస్ట్రేలియాలోని గోల్డ్‌కోస్ట్‌లో దుకాణాల నుంచి కొన్న ఎస్ప్రెస్సో కప్పుల్లో 25 నుంచి 214 మిల్లీగ్రాముల వరకు కెఫీన్ ఉన్నట్టు తేలింది. అమెరికాలో ఒకే దుకాణంలో, ఒకే రకం కాఫీని వరుసగా ఆరు రోజులు కొంటే 259 నుంచి 564 వరకు వచ్చింది. ఇక మన ఫిల్టర్ కాఫీ సంగతి చెప్పనక్కరలేదు. రోబస్టా గింజలో అరబికా కంటే దాదాపు రెట్టింపు కెఫీన్ ఉంటుంది. మన అరకు లోయ పేరుతో భౌగోళిక గుర్తింపు పొందినది అరబికా. చికోరీలో కెఫీన్ అసలు ఉండదు, కాఫీ పొడిలో దాన్ని సగానికి కొంచెం తక్కువ వరకు కలపడానికి చట్టం ఒప్పుకుంటుంది. డికాక్షన్ చిక్కదనం చేసే చేతిని బట్టి మారుతుంది. కాబట్టి పోటీ రోజున రెండు కప్పులు తాగమని ఎవరైనా సలహా ఇస్తే, అది మోతాదు చెప్పినట్టు కాదు.

కాఫీ ఒంట్లో నీళ్లు తోడేస్తుందన్న భయం గురించి ఎక్కువ మాట్లాడనక్కరలేదు. 2014లో 50 మంది పురుషుల మీద, రోజూ నాలుగు కప్పుల కాఫీకి, అంతే నీళ్లకూ పోలిక చూస్తే ఒంట్లోని నీటి విషయంలో తేడా కనిపించలేదు. రోజూ తాగేవాళ్లకు పోటీ రోజున ఫలితం ఉండదన్న మాట కూడా అంత నిజం కాదు. బ్రెజిల్‌లో 2017లో 40 మంది సైక్లిస్టులను వాళ్ల రోజువారీ అలవాటును బట్టి మూడు వర్గాలుగా చేసి పరీక్షిస్తే, మూడు వర్గాలకూ లాభం కలిగింది. వరుసగా కొన్ని వారాలు వాడితే ప్రభావం కొంత మొద్దుబారుతుందని చూపిన ప్రయోగాలూ ఉన్నాయి కనుక, ఈ విషయంలో ఎవరి ఒళ్లు ఎలా స్పందిస్తుందో సాధన రోజుల్లోనే గమనించుకోవాలి.

ఒళ్లు ఒక్కొక్కరిది ఒక్కో రకమన్నది ఇక్కడ మర్యాదకు అనే మాట కాదు. కాలేయంలో కెఫీన్‌ను విరిచే ఎంజైమును నిర్దేశించే జన్యువులో రూపభేదాలున్నాయి. 2018లో టొరంటో విశ్వవిద్యాలయ పరిశోధకులు 101 మంది పురుష క్రీడాకారులను 10 కిలోమీటర్ల సైకిల్ పరీక్షకు పెట్టారు. కెఫీన్‌ను త్వరగా వదిలించుకునే జన్యురూపం ఉన్నవాళ్లు కిలోకు 4 మిల్లీగ్రాముల మోతాదులో 6.8 శాతం మెరుగుపడ్డారు. నెమ్మదిగా వదిలించుకునే రూపం ఉన్నవాళ్లు అదే మోతాదులో 13.7 శాతం వెనకబడ్డారు. తర్వాతి అధ్యయనాలన్నీ ఇంత తేడాను చూపలేదు. జన్యుపరీక్ష చేయించుకుంటే తప్ప కాఫీ తాగకూడదని నేననడం లేదు. కాని సగటు లాభం 3 శాతమన్నప్పుడు, ఆ సగటులో లాభపడినవాళ్లతో పాటు నష్టపోయినవాళ్లు కూడా ఉండవచ్చు. గుండెదడ, చేతుల వణుకు, కడుపులో తిప్పడం, ఆందోళన కొందరికి చిన్న మోతాదులోనే వస్తాయి. విలువిద్యలో, షూటింగ్‌లో వేలి వణుకు ఎంత నష్టమో వేరే చెప్పాలా? మరో సంగతి: గర్భనిరోధక మాత్రలు వాడే స్త్రీల ఒంట్లో కెఫీన్ దాదాపు రెట్టింపు సేపు నిలుస్తుంది. పై ప్రయోగాల్లో ఎక్కువ భాగం యువకుల మీద జరిగినవే కావడంతో, అబ్బాయిల మోతాదును అమ్మాయిలకు యథాతథంగా చెప్పే శిక్షకులు కాస్త ఆగి ఆలోచించాలి.

ఇంత పనిచేసేది న్యాయమేనా, నిషేధించాలి కదా అని అడిగేవాళ్లున్నారు. నిషేధించి చూశారు కూడా. 1984 నుంచి 2003 చివరి వరకు ఒలింపిక్ నిషిద్ధ పదార్థాల్లో కెఫీన్ ఉంది. మూత్రంలో మిల్లీలీటరుకు 12 మైక్రోగ్రాములు దాటితే తప్పుగా లెక్కించిన కాలం అందులో ఎక్కువ. 1988 సియోల్ ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియాకు చెందిన పెంటాథ్లాన్ క్రీడాకారుడు అలెక్స్ వాట్సన్ అలా దొరికి అనర్హుడయ్యాడు. పోటీ పొడుగునా కాఫీ తాగానన్నది ఆయన సంజాయిషీ. 1999లో అమెరికా పరుగు రాణి ఇంగర్ మిల్లర్ ప్రపంచ ఇండోర్ పోటీల కాంస్య పతకం పోగొట్టుకుంది. కాని ఆ హద్దు కట్టడంలోనే లోపముంది. తీసుకున్న కెఫీన్‌లో విరగకుండా మూత్రంలోకి వచ్చేది నూటికి మూడు వంతుల లోపే, అదీ మనిషిని బట్టి మారుతుంది. కిలోకు 3 నుంచి 6 మిల్లీగ్రాములు, అంటే నిజంగా లాభమిచ్చే మోతాదు తీసుకున్నవాళ్లు సాధారణంగా ఆ హద్దు కింద హాయిగా ఉండిపోయేవాళ్లు. లాభం పొందినవాళ్లను వదిలేసి, ఒంటి తీరు వేరుగా ఉన్న ఒకరిద్దరిని పట్టుకునే నియమం అది. 2004 జనవరి 1 నుంచి దాన్ని తీసేయడం సరైన నిర్ణయమేనని నా అభిప్రాయం. కోట్లమంది పొద్దున్నే తాగే పానీయాన్ని నేరంగా చూడటం సాధ్యం కాదు, అవసరమూ లేదు. ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ (వాడా) ఇప్పటికీ కెఫీన్ వాడకాన్ని గమనిస్తూనే ఉంది. అయితే నిషేధం లేదంటే వాడమని అర్థం కాదు.

నేను ఎక్కువగా బాధపడే విషయానికి ఇప్పుడు వస్తున్నాను. కెఫీన్ ఆపే ఆ అడెనోసిన్ మాటే మనిషికి నిద్ర తెచ్చే మాట. ఆటలో మేలుచేసే చోటూ, నిద్ర చెడగొట్టే చోటూ ఒక్కటే. ఒకటి తీసుకుని రెండోది వద్దనుకునే వీలు లేదు. పెద్దవాళ్ల రక్తంలో కెఫీన్ సగానికి తగ్గడానికి మామూలుగా సుమారు ఐదు గంటలు పడుతుంది. రాత్రి ఏడు గంటలకు 200 మిల్లీగ్రాములు తీసుకున్న ఆటగాడి ఒంట్లో అర్ధరాత్రికి ఇంకా 100 ఉంటుంది, అంటే పడుకోబోతూ ఒక బలమైన కాఫీ తాగినంత. 2013లో అమెరికాలో జరిగిన అధ్యయనంలో, పడుకోవడానికి ఆరు గంటల ముందు 400 మిల్లీగ్రాములు తీసుకున్నా నిద్ర గంటకు పైగా తగ్గిపోయింది. ఐపీఎల్ అయినా, ప్రో కబడ్డీ అయినా మన పెద్ద పోటీలు ఇప్పుడు ఎక్కువగా దీపాల వెలుగులోనే. గాయపడిన కండ కోలుకునేది, పెరుగుదల హార్మోను విరివిగా వెలువడేది గాఢనిద్రలో. పగలు నేర్చుకున్న కదలిక నైపుణ్యంగా స్థిరపడేదీ నిద్రలోనే. నిద్రలేనివాళ్లకు కెఫీన్ మరీ బాగా పనిచేస్తుంది కదా అనవచ్చు. నిజమే. 2011లో పది మంది అగ్రశ్రేణి రగ్బీ ఆటగాళ్ల మీద జరిగిన ప్రయోగంలో, నిద్ర తక్కువైన రోజు బంతి అందించడంలో తప్పిన గురిని కెఫీన్ నిలబెట్టింది. కిలోకు ఒక్క మిల్లీగ్రామే సరిపోయింది. కాని ఈ ఫలితాన్ని మరోవైపు నుంచి కూడా చదవాలి. బాగా నిద్రపోయి ఉంటే ఆ గురి తప్పేదే కాదు. రాత్రంతా జనరల్ బోగీలో ప్రయాణం చేసి పొద్దున్నే మైదానంలో దిగే జిల్లా జట్టు పిల్లలకు డబ్బా ఇచ్చి ఉత్సాహపరచడం ఆ ఒక్క మ్యాచ్‌ను గెలిపించవచ్చు. ఆ రాత్రి కూడా వాళ్లకు నిద్ర పట్టకపోతే మర్నాటి మ్యాచ్‌కు మళ్లీ డబ్బా కావాలి. ఏళ్ల సాధన మీద నిలబడే సామర్థ్యానికి ఇది మంచి దారి కాదు.

పిల్లల విషయంలో లెక్క మరీ స్పష్టం. మన ఆహార భద్రత సంస్థ నిబంధనల ప్రకారం కెఫీన్ పానీయాల్లో లీటరుకు 145 నుంచి 300 మిల్లీగ్రాముల కెఫీన్ ఉండవచ్చు, అవి పిల్లలకు తగవని డబ్బా మీద రాయాలి. 250 మిల్లీలీటర్ల డబ్బాలో గరిష్ఠంగా 75 మిల్లీగ్రాములు. 40 కిలోల పద్నాలుగేళ్ల పిల్లకు అది కిలోకు దాదాపు 2 మిల్లీగ్రాములు. రెండు డబ్బాలు తాగితే పెద్ద సైక్లిస్టులకు ప్రయోగశాలలో ఇచ్చిన మోతాదు. పిల్లలు, కౌమారులు ఈ పానీయాలు తాగనే కూడదని అమెరికా శిశువైద్యుల సంఘం 2011లోనే చెప్పింది. వ్యాయామశాలల్లో దొరికే పొడుల ప్రమాదం ఇంకా వేరు. 2015లో బ్రిటన్‌లోని ఒక విశ్వవిద్యాలయంలో, వ్యాయామం మీద కెఫీన్ ప్రభావాన్ని చూసే ప్రయోగంలోనే, దశాంశ బిందువు పొరపాటుతో ఇద్దరు విద్యార్థులకు 0.3 గ్రాముల బదులు 30 గ్రాములు ఇచ్చారు. వాళ్లు చావు అంచులదాకా వెళ్లి బతికారు. విశ్వవిద్యాలయంలోనే అలా జరిగితే, చెంచా కొలతతో పొడి కలుపుకునే కుర్రాడి సంగతేమిటి? 2001లో ఆల్ ఇంగ్లండ్ టైటిల్ గెలిచాక పుల్లెల గోపీచంద్ కోలా ప్రకటనను కాదనడం మనందరికీ తెలుసు. అది కెఫీన్ గురించిన నిర్ణయం కాకపోయినా, పిల్లలు తనను చూసి ఏం తాగుతారో ఆలోచించిన క్రీడాకారుడి నిర్ణయం.

కాబట్టి నా తీర్పు ఇది. పద్దెనిమిదేళ్లు దాటిన, చాలా ఏళ్ల సాధన ఉన్న, గుండె జబ్బుగాని ఆందోళన సమస్యగాని లేని క్రీడాకారులు, పోటీకి సుమారు గంట ముందు కిలోకు 2, 3 మిల్లీగ్రాముల కెఫీన్ తీసుకుంటే తప్పు లేదు. అంతకు మించి ఎక్కువ తీసుకున్నంత మాత్రాన ఎక్కువ లాభం రాదు. మొదటిసారి పోటీ రోజున ప్రయత్నించకూడదు, సాధనలో చూసుకోవాలి. సాయంత్రం తర్వాత జరిగే పోటీల్లో, మర్నాడు మళ్లీ ఆడవలసి ఉన్నప్పుడు మానుకోవడమే మంచిది. పద్దెనిమిది నిండనివాళ్లకు ఆటకోసం కెఫీన్ ఇవ్వవలసిన అవసరం ఏదీ నాకు కనిపించడం లేదు. ఇక్కడున్న క్రీడా సంఘాల బాధ్యులకు ఒక విన్నపం. అండర్-14, అండర్-17 పోటీలకు ఎనర్జీ డ్రింకుల కంపెనీల సొమ్ము తీసుకోకండి, మైదానంలో ఆ డబ్బాలు పంచనివ్వకండి. దూరం నుంచి వచ్చే జట్లకు ముందు రాత్రి పడుకోవడానికి చోటు చూపించి, వాళ్ల మొదటి మ్యాచ్‌ను కాస్త పొద్దెక్కాక పెట్టండి.